చల్లిన యూరియా యెన్నాళ్లుండును?
(రసాయనిక చర్యల వేగమును గూర్చి రైతులు తెలిసికొనదగిన సంగతులు)

సేద్యమునకు అదనును పదునును ముఖ్యములని పెద్దలు చెప్పుదురు. విత్తనమునకు అదను కలదు. కలుపునకు అదను కలదు. నీటికి అదను కలదు. ఎరువునకును అదను కలదని మన పెగడపల్లి ప్రాంతపు రైతులందరు నెరుగుదురు. కాని యా యదనును దినములలో లెక్కింపవలెనా, గంటలలో లెక్కింపవలెనా యను విషయమున మనకు శ్రద్ధ చాలదు. ఎరువు బస్తాలో నుండగా నొక వస్తువు. మడిలో పడిన పిమ్మట వేరొక వస్తువు. నాలుగు దినములు గడచిన పిమ్మట మరియొక వస్తువు. ఈ మార్పు లెంత వేగముగా జరుగునో తెలిసికొననివాడు ఎరువును కొనగలడేగాని దానిని పైరునకు అందింపలేడు.

2025వ సంవత్సరపు వానకాలమున యూరియా కొఱకు మన రాష్ట్రములో రైతులు పడిన పాట్లు ఎవరును మరచియుండరు. సంఘముల వాకిళ్ల యెదుట తెల్లవారక మునుపే బారులు తీరవలసి వచ్చెను. ఒక బస్తా తూకము 45 కిలోలు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. అనగా ఒక బస్తాలో పైరునకు పనికివచ్చు నత్రజని 20 కిలోల 700 గ్రాములు. వరిమళ్లలో వేసిన నత్రజనిలో పైరు గ్రహించునది సాధారణముగా నూటికి 30 మొదలు 40 పాళ్లు మాత్రమేయని పరిశోధకులు కనుగొనియున్నారు. ఈ లెక్కన బస్తాలోని 20 కిలోల చిల్లరలో పైరు కడుపున పడునది 6 మొదలు 8 కిలోలు. తక్కినదానిలో కొంత నేలలో నిలుచును. చాలభాగము గాలిలోనికిని, నీటివెంటను పోవును. బారులో నిలిచి తెచ్చిన సొత్తులో నింత భాగము మన కన్నుల యెదుటనే కానరాక పోవుచుండగా, ఎట్లు పోవుచున్నదో తెలిసికొనుట మన ధర్మము.

ఈ పోకడ యంతయు రసాయనిక చర్యల వేగముపై నాధారపడియున్నది. కావున ముందుగా వేగమనగా నేమో, దానిని కొలుచు టెట్లో వివరించి, పిమ్మట మడిలోనికి వత్తము.

వేగమనగా నేమి?

బస్సు పెగడపల్లి నుండి జగిత్యాలకు ఎంతసేపటిలో చేరెనో చూచి దాని వేగము చెప్పుదుము. దూరమును కాలముచే భాగించుటయే వేగము. రసాయనిక చర్యలో దూరము లేదు. దానికి బదులు, ఒక వస్తువు మరియొక వస్తువుగా మారిన పరిమాణము కలదు. గంటకు ఎన్ని గ్రాములు మారినవి, దినమునకు ఎన్ని పాళ్లు మారినవి యని చెప్పుటయే రసాయనిక చర్య వేగమును చెప్పుట.

ఈ వేగములలో నున్న భేదము మిక్కిలి గొప్పది. దీపావళి టపాకాయలోని మందు కనురెప్ప పాటులో కాలిపోవును. కాల్చిన సున్నపుగడ్డపై నీరు పోసిన కొంతసేపటికి బుసబుస పొంగి పొడియగును. పాలు తోడుకొనుటకు ఒక రాత్రి పట్టును. పశువుల పెంట మాగి ఎరువగుటకు నెలలు పట్టును. వానలో వదలివేసిన నాగటి కర్రు తుప్పుపట్టి తినిపోవుటకు ఏండ్లు పట్టును. అన్నియు రసాయనిక మార్పులే. వేగమొకటే వేరు.

వేగమును కొలుచుటకు చర్యను కంటితో చూడనక్కరలేదు. చర్యతో పాటు మారునట్టి యేదోయొక గుర్తును పట్టుకొనిన చాలును. కొన్ని చర్యలలో వాయువు వెలువడును. ఆ వాయువును కొలువవచ్చును. కొన్నిటిలో తూకము తగ్గును, తక్కెడలో తూచవచ్చును. కొన్నిటిలో పులుపు హెచ్చును, కొన్నిటిలో రంగు మారును. నియమితమైన సమయములకు ఆ గుర్తును చూచి వ్రాసికొనుచు బోయినచో, ఆ వ్రాతలే వేగమును చెప్పును.

ఈ విధముగా మొట్టమొదట శ్రద్ధతో కొలిచి లెక్కకట్టిన వాడు విల్హెల్మీ యను జర్మను పండితుడు. 1850వ సంవత్సరమున అతడు చెఱకు చక్కెర పానకములో ఆమ్లమును కలిపి, అది రెండు విధములైన తీపి పదార్థములుగా విడిపోవుటను పరిశీలించెను. పానకము గుండ పోవు ఒక విధమగు వెలుతురు పక్కకు తిరుగును. చక్కెర విడిపోవుకొలది ఆ తిరుగుడు మారును. ఆ మార్పునే అతడు గుర్తుగా పట్టుకొనెను. అతడు కనుగొనిన నియమమిది: ఏ క్షణమున నెంత చక్కెర మిగిలియున్నదో, ఆ క్షణపు వేగము దానికి తగినట్లుండును. చక్కెర మెండుగా నున్నప్పుడు వేగము హెచ్చు. తగ్గుకొలది వేగమును తగ్గును.

ఈ నియమమును మన భాషలో చెప్పవలెనన్న నిట్లు చెప్పవచ్చును. మడిలో 40 కిలోల యూరియా చల్లితిమనుకొందము. అందులో సగము మారుటకు రెండు దినములు పట్టుననుకొందము. రెండు దినములకు 20 కిలోలు మిగులును. మరి రెండు దినములకు తక్కిన 20 కిలోలును పోవునని తలంపరాదు. అందులో సగమే మారి 10 కిలోలు మిగులును. ఆపై రెండు దినములకు 5 కిలోలు. ఈ లెక్క వివరణకై చెప్పినదే గాని ప్రతి మడికిని సరిపోవునదికాదు. అయినను దీనినుండి గ్రహింపవలసిన సంగతి ముఖ్యమైనది. మార్పు మొదటి దినములలోనే మిక్కిలి చురుకుగా జరుగును. నష్టమును ఆపదలచిన, మొదటి రెండు మూడు దినములలోనే ఆపవలెను. వారము గడచిన పిమ్మట చేయు జాగ్రత్త వలన ప్రయోజనము స్వల్పము.

వేగమును హెచ్చించునవి యేవి?

ఈ ప్రశ్నకు సమాధానము మన యిల్లాండ్రు శాస్త్రము చదువకయే యెరుగుదురు. చలికాలమున పాలు త్వరగా తోడుకొనవు. అప్పుడు వారు రెండు పనులు చేయుదురు: తోడు కొంచెము ఎక్కువ వేయుదురు, పాత్రను పొయ్యి దగ్గర వెచ్చగా నుంచుదురు. మొదటిది పరిమాణమును హెచ్చించుట, రెండవది వేడిమిని హెచ్చించుట. ఈ రెండును వేగమును పెంచును. పరిమాణమునకును వేగమునకును గల సంబంధమును గుల్డ్‌బర్గు, వాగె యను నార్వే దేశపు పండితు లిరువురు 1864వ సంవత్సరమున నియమముగా ప్రకటించిరి.

వేడిమిని గూర్చి ఒక మోటు లెక్క కలదు. అనేక చర్యలలో 10 డిగ్రీల వేడిమి హెచ్చిన వేగము సుమారు రెండింత లగును. 20 డిగ్రీల యొద్ద నొక దినమున జరుగు పని 30 డిగ్రీల యొద్ద పూటలో జరుగును. 40 డిగ్రీల యొద్ద ఆరు గంటలలో జరుగును. యాసంగిలో నాట్లువేయు చలిదినములకును, ఎండలు ముదిరిన ఫాల్గుణ చైత్రములకును ఎరువు నడకలో నెంత భేదముండునో దీనినిబట్టి యూహించుకొనవచ్చును.

మూడవది పదార్థము యొక్క విడివడి యుండుట. పెద్ద సున్నపుగడ్డ నెమ్మదిగా విరియును. దానినే చితుకగొట్టి నీరు పోసిన తటాలున విరియును. చర్య గడ్డ లోపల గాక పైభాగముననే జరుగును గనుక, పైభాగము విస్తరించుకొలది వేగము హెచ్చును. యూరియా సన్నని గుళికలుగా నుండుటచేత క్షణములలో నీట కరగును. దానినే గోలీలంత బిళ్లలుగా నొత్తి బురదలో లోతున పాతిపెట్టిన, నెమ్మదిగా కరగుచు పైరునకు చాలదినము లందును.

నాలుగవది ఉత్ప్రేరకము. ఇది చర్యలో పాలుగొని దానిని త్వరపెట్టును. కాని తాను ఖర్చుకాక తుదకు మిగిలియుండును. ఈ నాలుగవదే మన కథలో నాయకుడు.

ఇట్లేల జరుగును?

ప్రతి వస్తువును కంటికి కానరాని అణువులచే నేర్పడినది. ద్రవములలోను వాయువులలోను ఈ అణువులు ఎడతెగక తిరుగుచు నొకదానితో నొకటి తాకుచుండును. తాకిన ప్రతిసారియు చర్య జరుగదు. తగినంత ఊపుతో తాకినప్పుడే పాతబంధము విడి కొత్తబంధ మేర్పడును. ఈ సంగతిని స్వీడను దేశపు అరీనియసు 1889వ సంవత్సరమున లెక్కతో నిరూపించెను.

దీనికి మన చెరువును ఉపమానముగా తీసికొందము. చెరువులో నీరు కలదు. కట్టకు దిగువను పొలము కలదు. పొలము పల్లమున నున్నను నీరు దానంతట దిగిపోదు, కట్ట యడ్డముగా నున్నది. గాలి వీచినప్పుడు అలలు లేచును. చిన్న యలలు కట్టను తాకి వెనుకకు మరలును; ఏదో యొక పెద్ద అల మాత్రమే కట్ట దాటి అవతల పడును. గాలి కొంచెము హెచ్చిన, చిన్న యలలు కొన్ని పెద్దవై, కట్టదాటు నలల సంఖ్య ఒక్కసారిగా పెరుగును. వేడిమి యనునది ఈ గాలి వంటిది. కొద్ది డిగ్రీల వేడిమికి వేగము రెండింత లగుటకు కారణమిదియే.

ఉత్ప్రేరకము గాలి వంటిది కాదు, తూము వంటిది. తూము తెరచినచో అలలతో పనిలేకయే నీరు దిగువకు పోవును. తూము చెరువు మట్టమును మార్చదు, పొలము మట్టమును మార్చదు. దారిని మాత్రము సులభము చేయును. ఎంత నీరు పోయినను తూము తరుగదు. ఉత్ప్రేరకము నిట్లే. అది పల్లమును మెరకగా చేయలేదు. ఎటుపోవలసిన చర్య నటే త్వరగా పంపును.

మడిలో జరుగు సంగతి

ఇప్పుడు యూరియాకు వత్తము. శుద్ధమైన నీటిలో యూరియాను కరగించి చల్లనిచోట నుంచినచో, అది విడిపోవుటకు ఏండ్ల తరబడి పట్టును. దాని కట్ట అంత యెత్తైనది. కాని మన మడిలో అది కొలది దినములలోనే మారిపోవుచున్నది. కారణమేమన, నేలలోని సూక్ష్మజీవులును, కుళ్లిన మొక్కల భాగములును యూరియేజు అను ఉత్ప్రేరకమును విడుచును. ఇట్టి జీవసంబంధమగు ఉత్ప్రేరకములకు ఎంజైములని పేరు. యూరియేజు యొక్క యొక్క అణువే క్షణమునకు వేలకొలది యూరియా అణువులను విడదీయగలదు. 1926వ సంవత్సరమున అమెరికా దేశమున సమ్నరు అను పండితుడు ఒకజాతి చిక్కుడు గింజలనుండి ఈ యూరియేజునే స్ఫటికములుగా వేరుచేసెను. ఎంజైమును స్ఫటికరూపమున చూపుట లోకములో నదియే మొదలు. ఆ పనికి అతనికి 1946వ సంవత్సరమున నోబెలు బహుమానము లభించెను.

మడిలో చర్య మూడు మెట్లుగా నడచును. మొదటి మెట్టున యూరియా విడి అమ్మోనియముగా మారును. ఈ సమయమున ఎరువు చుట్టుప్రక్కల క్షారగుణము హెచ్చును. క్షారము హెచ్చినచోట అమ్మోనియము అమ్మోనియా వాయువై ఎగిరిపోవుటకు సిద్ధముగా నుండును. రెండవ మెట్టున గాలి తగులు నేలలో సూక్ష్మజీవులు అమ్మోనియమును నైట్రేటుగా మార్చును. మూడవ మెట్టున ఆ నైట్రేటు నీటివెంట లోతునకు దిగిపోవుటయో, గాలి తగులని బురదలో వాయువుగా మారి పోవుటయో జరుగును.

ఇరుకు బాటలో ఎడ్లబండ్లు బారుగా పోవునప్పుడు, ముందున్న బండి నెమ్మదిగా నడచిన వెనుకనున్న బండ్లన్నియు నెమ్మదింపక తప్పదు. వరుస మెట్లుగా నడచు చర్యలలోను అన్నిటికంటె మెల్లనైన మెట్టే మొత్తమునకు వేగము నిర్ణయించును. కావున నత్రజని పోకను తగ్గింపదలచిన, ఏదో యొక మెట్టును మెల్లగింపజేసిన చాలును. యూరియాకు వేపనూనె పూత పూయుటలోని రహస్య మిదియే. వేపలోని పదార్థములు ముఖ్యముగా రెండవ మెట్టును నడపు సూక్ష్మజీవులను అణచును. మనదేశమున తయారగు యూరియాకంతకును వేపపూత ఉండవలెనని 2015వ సంవత్సరమున ప్రభుత్వము నిర్ణయించెను. కాని వేపపూత మొదటి మెట్టున ఎగిరిపోవు అమ్మోనియాను పూర్తిగా ఆపునని తలంపరాదు. ఆ భారము రైతుపైననే యున్నది.

నిలువనీటిలో యూరియా చల్లినపుడు జరుగునది చూడుడు. పగటివేళ నీటిలోని పాచి యెండ తగిలి పెరుగుచు, నీటిలో కరగియున్న బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనును. దానితో నీటిలోని పులుపు తగ్గి క్షారగుణము హెచ్చును. మధ్యాహ్నమునకు మిక్కిలి హెచ్చును. వేడిమియు నప్పుడే హెచ్చు. పైరు చిన్నదై మడి బయలుగా నున్నచో గాలియు నీటిపై విసరుచుండును. వేడిమి, క్షారము, గాలి యను మూడును గూడి అమ్మోనియాను ఎగురగొట్టును. ఇంత జరుగుచున్నను నీటి రంగు మారదు, పైరు ఫిర్యాదు చేయదు. నష్టము కంటబడకపోవుటచేతనే మనము దానిని లక్ష్యపెట్టుటలేదు.

ఇంటివద్ద చేయదగిన పరీక్ష

చెప్పిన మాటకంటె చూచిన సంగతి మనస్సున నాటును. కావున ఈ క్రింది పరీక్షను సభ్యులు తమ యిండ్లలోగాని, సంఘము ఆవరణలోగాని చేసి చూడవలెనని కోరుచున్నాము. మన ప్రాంతమున పండు పసుపే దీనికి సాధనము. పసుపునకు క్షారము తగిలిన ఎఱ్ఱబారును. పసుపునీట సున్నము కలిపిన పారాణి యగుట ఎల్లరు నెరిగినదే.

తెల్లని కాగితమును పసుపునీట ముంచి ఆరబెట్టి సన్నని చీలికలుగా కత్తిరించి యుంచుకొనవలెను. పనికిమాలిన గాజుసీసాలు అయిదు తీసికొని, ఒక్కొక్కదానిలో ఒక గ్లాసు నీరును, ఒక చెంచా యూరియాను వేసి కరగించవలెను. యూరియేజు కొఱకు పచ్చి సోయాచిక్కుడు గింజల పిండి వాడవచ్చును. ఆ గింజలలో నది సమృద్ధిగా కలదు.

మొదటి సీసాలో పిండి వేయరాదు.
రెండవ సీసాలో ఒక చెంచా పచ్చిపిండి వేయవలెను.
మూడవ సీసాలో రెండు చెంచాల పచ్చిపిండి వేయవలెను.
నాలుగవ సీసాలో ఒక చెంచా పచ్చిపిండి వేసి, సీసాను గోరువెచ్చని నీటిగిన్నెలో నిలుపవలెను.
అయిదవ సీసాలో, నీటిలో బాగుగా ఉడికించి చల్లార్చిన పిండిని ఒక చెంచా వేయవలెను.

గడియారము చూచుకొని అయిదేసి నిమిషములకు ఒకసారి ప్రతి సీసాలోను కొత్త పసుపు కాగితపు చీలికను ముంచి, అది యెప్పుడు ఎఱ్ఱబారెనో వ్రాసికొనవలెను. రంగుమారుటకు పట్టిన కాలము తక్కువయైన చర్య వేగము ఎక్కువ యనుట. రెండవదానికంటె మూడవది ముందుగా ఎఱ్ఱబారును, ఉత్ప్రేరకము ఎక్కువ గనుక. నాలుగవదియు రెండవదానికంటె ముందుగా ఎఱ్ఱబారును, వేడిమి ఎక్కువ గనుక. మొదటిది ఎంతసేపున్నను పసుపుగానే యుండును, తూము లేదు గనుక. అయిదవదియు పసుపుగానే యుండును. ఉడుకుటచేత యూరియేజు చెడిపోయినది. వేడిమి చర్యను త్వరపెట్టునది నిజమేకాని, ఎంజైము ఓర్వగల హద్దు దాటినచో ఆ వేడిమియే చర్యను నిలిపివేయును.

ఈ కడపటి సంగతి పసుపు రైతులకు కొత్తదికాదు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతములలో త్రవ్విన పసుపుకొమ్ములను ఉడికించి ఎండబెట్టుచున్నారు. ఉడికించుటవలన కొమ్ములోని జీవచర్యలు ఆగి అది మొలకెత్తదు. రంగు కొమ్ము నిండ సమముగా వ్యాపించును. ఎండుటయు త్వరగా నగును.

పరీక్ష ముగిసిన పిమ్మట సీసాలను తిరిగి వంటకు వాడరాదు. పిల్లలను దూరముగా నుంచవలెను. ప్రతిసారియు నీరు, యూరియా సమానముగా కొలిచి వేయవలెను. కొలత తప్పిన ఏ కారణముచేత వేగము మారెనో తెలియదు. ఒక్కసారి ఒక్క సంగతినే మార్చి, తక్కినవానిని మార్చకుండుట శాస్త్రపరీక్షకు ప్రాణము.

ఆలస్యమును గమనించిన తెలుగువాడు

గడియారముతో రంగును కొలుచుట చిల్లరపనియని కొందరు తలంపవచ్చును. 1895వ సంవత్సరమున భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అట్లు తలంపలేదు. ఆయన 1923వ సంవత్సరమున అమెరికా దేశమునకు పోయి, హార్వర్డు విద్యాలయమున ఫిస్కె యను ఆచార్యునితో కలిసి పనిచేసెను. వారిరువురు భాస్వరమును నీలిరంగుచే కొలుచు పద్ధతిని 1925వ సంవత్సరమున ప్రకటించిరి. భాస్వరము హెచ్చుకొలది నీలిరంగు చిక్కనగును.

ఈ పద్ధతితో కండరముల సారమును పరీక్షించినపుడు నీలిరంగు రావలసినంత త్వరగా రాక మెల్లమెల్లగా ముదిరెను. పరీక్ష చెడినదని వారు సారమును పారబోయలేదు. రంగు నెమ్మదిగా వచ్చుచున్నదన్న, భాస్వరము ఏదో యొక పదార్థమున బంధింపబడియుండి, పరీక్షలోని ఆమ్లము తగిలి మెల్లగా విడుచున్నదని గ్రహించిరి. ఆ పదార్థమే కండరములకు తక్షణము శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటిను. దానిని 1927వ సంవత్సరమున లోకమునకు తెలిపిరి. వేగములోని చిన్న భేదము గొప్ప సత్యమునకు ద్వారమైనది. నేటికిని భూసార పరీక్షాశాలలలో మన మట్టిలోని భాస్వరమును ఇట్టి నీలిరంగుచేతనే కొలుచుచున్నారు; రంగు చూచుటకు ముందు నియమిత కాలము ఆగవలెనను నిబంధనయు నందుకే యున్నది.

కార్ఖానాలో త్వర, పొలములో నిదానము

మనకు సమీపముననే రామగుండమున ఎరువుల కార్ఖానా కలదు. అచటి పాత కార్ఖానా బొగ్గుతో నడచుచు 1980వ సంవత్సరమున ఉత్పత్తి ప్రారంభించి, 1999వ సంవత్సరమున మూతపడెను. అదే చోట సహజవాయువుతో నడచు కొత్త కార్ఖానా 2021వ సంవత్సరమున పనికి వచ్చెను. ఏటికి 12 లక్షల 70 వేల టన్నుల యూరియా చేయగల శక్తి దానికి కలదు.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే యున్నను అది మిక్కిలి సోమరియైన వాయువు; తేలికగా దేనితోను కలియదు. దానిని ఉదజనితో కలిపి అమ్మోనియా చేయుటకు గొప్ప ఒత్తిడియు, 400 డిగ్రీలకు పైబడిన వేడిమియు, ఇనుముతో చేసిన ఉత్ప్రేరకమును కావలెను. ఈ మార్గమును జర్మను పండితుడు హేబరు 1909వ సంవత్సరమున చూపగా, 1913వ సంవత్సరమున బాష్ కృషిచే కార్ఖానాగా వెలసెను. ఆ అమ్మోనియానుండియే యూరియా తయారగును.

కార్ఖానావారు కోట్లు వెచ్చించి, వేడిమిని, ఒత్తిడిని, ఉత్ప్రేరకమును సమకూర్చి చర్యను త్వరపెట్టుచున్నారు. వారు గాలినుండి పట్టి తెచ్చిన నత్రజనిని మనము మధ్యాహ్నపుటెండలో నిలువనీటిపై చల్లి తిరిగి గాలికే అప్పగించుచున్నాము. వారి పని వేగమును పెంచుట. మన పని వేగమును తగ్గించుట. రెండింటికిని శాస్త్ర మొక్కటియే.

చేయవలసిన పనులు

1. వరిమడిలో నిలువనీటిపై యూరియా చల్లరాదు. నీటిని తీసివేసి, బురదపదునున చల్లి, 36 మొదలు 48 గంటలు గడచిన పిమ్మట పలుచగా నీరు పెట్టవలెను. యూరియాను మట్టి పట్టి యుంచలేదు. కావున వెంటనే నీరు నిండించిన అది నీటివెంట పోవును. అమ్మోనియముగా మారిన పిమ్మట బంకమట్టి దానిని పట్టి నిలుపును. ఈ రెండు దినముల గడువు ఆ మార్పునకే. అట్లని మడిని నెఱ్ఱెలు విచ్చునంత ఎండనీయరాదు. ఎండిన నేలలో నైట్రేటు పెరిగి, తిరిగి నీరు పెట్టినపుడు అదియు పోవును.

2. ఎండవేళ చల్లక సాయంకాలమున చల్లవలెను. గాలి విసరుగా వీచు దినమున మానవలెను.

3. కావలసినదంతయు నొకేసారి వేయక మూడు దఫాలుగా వేయవలెను: నాటునప్పుడు లేక నాటిన కొలదిదినములకు, పిలకలు పెట్టునప్పుడు, అంకురము తొడగునప్పుడు. ఎంత యెక్కువ పరిమాణ ముండిన పోవు వేగమును అంత హెచ్చునని పైన చెప్పితిమి. పైరు త్రాగు వేగమునకు తగినట్లు పోయుటయే తెలివి. ఆకుపచ్చదనమును చూచి మోతాదు నిర్ణయించుటకు ఆకురంగుల పట్టిక యను సాధనము కలదు; దానితో సరిచూచి అవసరమైనప్పుడే వేయుట లాభకరము.

4. బూడిదతోగాని, సున్నముతోగాని యూరియాను కలుపరాదు. రెండును క్షారములు, అమ్మోనియాను వెడలగొట్టును.

5. మక్క, పసుపు, పత్తి మొదలగు మెట్టపైరులకు యూరియాను పైపైన చల్లక, మొక్కకు కొంచెము దూరముగా గుంతలో వేసి మట్టి కప్పవలెను. పైనున్న మట్టిపొర వెలువడు అమ్మోనియాను పట్టుకొనును. కప్పుటకు వీలులేనిచో వెంటనే తేలికపాటి తడి యీయవలెను.

6. చలక, దుబ్బ నేలలలో బంకమట్టి తక్కువ గనుక అమ్మోనియమును పట్టి నిలుపు శక్తియు తక్కువ. అట్టి నేలలలో మోతాదును ఇంకను చిన్నచిన్న భాగములుగా వేయవలెను. పశువుల యెరువు, పచ్చిరొట్ట వేసిన నేలకు ఆ శక్తి పెరుగును.

ఎరువునకు చెప్పిన నియమమే గింజకును వర్తించును. తడిసిన వడ్లను కుప్పగా పోసిన లోపల వేడెక్కును. వేడిమిచే గింజలోని చర్యలు త్వరపడును. ఆ చర్యలవలన మరింత వేడి పుట్టును. ఇట్లు ఒకదాని నొకటి ఎగదోసికొనుచు కొలది దినములలో కుప్ప చెడిపోవును. కొనుగోలు కేంద్రములలో తేమ నూటికి 17 పాళ్లకు మించరాదను నిబంధన కేవలము తూకము కొఱకు కాదు. నీరు తగ్గిన చర్యలు నెమ్మదించును, గింజ నిలుచును.

జగిత్యాల చెంతనున్న పొలాస వ్యవసాయ పరిశోధనాస్థానమున మన నేలలకు, మన పైరులకు తగిన మోతాదులను గూర్చి సలహా పొందవచ్చును. భూసార పరీక్ష చేయించుకొని ఆ పత్రమును వెంట తీసికొనిపోవుట మంచిది.

ప్రతి సభ్యుడును ఈ సారి తన పొలములో నొక చిన్న మడిని ప్రత్యేకించి, అందులో పై పద్ధతిని అనుసరించియు, ప్రక్క మడిలో అలవాటు చొప్పున చల్లియు, రెండింటిలోను పిలకలను, దిగుబడిని వేరువేరుగా లెక్కవేసి వ్రాసికొనవలెను. రెండు మడులకును యూరియా సమానముగా తూచి వేయవలెను. చల్లిన తేదీ, వేళ, నీరుపెట్టిన తేదీ తప్పక వ్రాయవలెను. ఆ లెక్కలను సంఘమున కందజేసినచో, వానినన్నిటిని ఒకచోట చేర్చి సభ్యులందరికిని తెలుపుట సులభమగును.